మందు అన్న మాట నాది

మా కోడలు దొంగల్ని పట్టడం మానేసి బడిపిల్లలకు పాఠాలు చెప్పిన వానాకాలం అది. దొంగల్ని పట్టడమంటే వెంటపడి పరిగెత్తడం కాదులెండి. స్టేషన్‌లో ముందు గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళు చెప్పే ఫిర్యాదులు రాసుకునేది. నేను మాత్రం వీధిలో "మా కోడలు దొంగల్ని పడుతుంది" అనే చెప్పుకునేదాన్ని. బయట గొప్పలు, ఇంట్లో మూతివిరుపులు. అత్తనన్నాక ఆ మాత్రం ఉంటుంది కదా.

మా వాడు దర్జీ. వీధి గదిలోనే కొట్టు. రెండు మిషన్లు, గుడ్డ కత్తిరించే బల్ల, కిటికీ పక్కన నా స్టూలు. కాజాలు కుట్టడం, గుండీలు వెయ్యడం నా పని. నేను చదివింది మూడో తరగతి, అదీ సగమే. కానీ కాజా కుట్టడంలో నాకు వంక పెట్టినవాళ్ళు లేరు.

ఒకరోజు సాయంత్రం కోడలు తడిసిన గొడుగు గుమ్మంలో పెట్టి, చంకలో కాగితాల కట్టతో లోపలికి వచ్చింది.

"అత్తయ్యా, బుధవారం నుంచి బళ్ళకు వెళ్ళాలి నేను."

"ఏం, బడిలో దొంగలు పడ్డారా?"

"కాదు. మత్తుపదార్థాల జోలికి పోవద్దని పిల్లలకు పాఠం చెప్పాలట."

"నువ్వా?" అన్నాను. ఆ మాట నేనన్న తీరుకు మా వాడు మిషన్ ఆపి మరీ నావైపు చూశాడు.

"అందరూ తప్పుకున్నారు. నేను అన్నం తినడానికి వెళ్ళొచ్చేసరికి నా పేరు రాసేశారు," అంది కోడలు. అని నవ్వలేదు. "అయినా నాకూ వెళ్ళాలనే ఉంది. పోయిన నెల ఒకావిడ వచ్చింది స్టేషన్‌కి. కొడుక్కి పదమూడేళ్ళు. ఎవడో బడి బయట బిళ్ళలు అలవాటు చేశాడు. వాడిప్పుడు తల్లినే గుర్తుపట్టడం లేదు. అంతా రాసుకున్నాను. ఆఖర్న, 'ముందే ఎవరైనా వాడికో మాట చెప్పి ఉంటే' అంది. అది ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదత్తయ్యా."

ఆమె అంత పొడుగు మాట నాతో మాట్లాడటం పెళ్ళయిన పదకొండేళ్ళలో అదే మొదలు.

మొదటి పాఠం మా మనవరాలి బడిలోనే పడింది. మనవరాలు నాలుగో తరగతి. నోరు ఊరుకోదని దాన్ని మేం పిట్ట అంటాం. ఆ బుధవారం పిట్ట సంచీ ఒక మూలకు విసిరి, చెప్పులు ఇంకో మూలకు విసిరి, నా ఒళ్ళో ముఖం దాచుకుంది.

"నాన్నమ్మా, అమ్మకి పాఠం చెప్పడం రాదు."

"ఏమయిందే?"

"'మాదకద్రవ్యాలకు ఉదాహరణలు చెప్పండి' అంది. మావాళ్ళు 'నీళ్ళు, పాలు, నూనె' అన్నారు."

"అవెందుకన్నారు?"

"ద్రవాలంటే అవే కదా! సైన్సులో అదే ఉంది. అమ్మేమో కాగితం చూసి చదువుకుంటూ పోయింది. ఇద్దరు నిద్రపోయారు. ఒకడైతే గురక కూడా పెట్టాడు."

గుమ్మంలో కోడలు అంతా వింటూనే ఉంది. టోపీ తీసి చేతిలో పట్టుకుని, వాన నీళ్ళు కారుతున్నా లోపలికి రాకుండా నిలబడింది. దాన్నలా చూస్తే నాకెందుకో ఒళ్ళు మండింది. కోడలి మీద కాదు, ఆ కాగితాల మీద.

"ఇలా రా అమ్మాయ్. ఆ కాగితం అవతల పారేసి, ఇక్కడ నిలబడి నాకు చెప్పు. నేనే నీ బడిపిల్లని."

కొట్టే తరగతి గది అయింది. నేనూ పిట్టా స్టూళ్ళ మీద కూర్చున్నాం. గోడకు వేలాడే చొక్కాలన్నీ వెనక బెంచీవాళ్ళు. కోడలు గొంతు సవరించుకుని, "దుర్వినియోగం వలన కలుగు దుష్ఫలితములు" అని మొదలుపెట్టింది.

"ఆపు తల్లీ ఆపు. ఇది పాఠమా, సంకెళ్ళు వెయ్యడమా? మందు అని చెప్పు. చంటిపిల్లకైనా అర్థమవుతుంది."

"మందు అనా?"

"మత్తుమందే కదా అది? మందు అను చాలు. 'ఎవరైనా మందు ఇస్తే ఏమంటారు? వద్దంటే వద్దు!' పిల్లలచేత అనిపించు. పాట లాగా పట్టుకుంటారు."

బల్ల దగ్గర మా వాడు చేత్తో ఏదో సైగ చేశాడు. వాడి నోటినిండా గుండుసూదులు. లాగు నడుము దగ్గర గుచ్చుతున్నాడు. "నువ్వు నీ పని చూసుకోరా," అన్నాను. ఆ క్షణాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు.

గంటసేపట్లో పాఠం తయారైంది. ఎవరైనా మందు ఇస్తే? వద్దంటే వద్దు. మంచిగా మాట్లాడి ఇస్తే? వద్దంటే వద్దు. ఎవరికీ చెప్పొద్దని ఇస్తే? అసలే వద్దు! ఇచ్చినదాన్ని ఏం చెయ్యాలి? పోలీసక్కకు ఇవ్వాలి. చెప్పొద్దన్న ముక్క కోడలే కలిపింది. చెడ్డవాళ్ళు మొదట చెప్పేది ఆ మాటేనట.

ఆ తర్వాత చూడాలి! నాలుగు వారాల్లో మనవరాలి బడితో కలిపి ఆరు బళ్ళు తిరిగింది మా కోడలు. సాయంత్రాలు పిల్లలు నీటిగుంటల్లో గెంతుతూ "వద్దంటే వద్దు" అని అరుచుకుంటూ పోయేవాళ్ళు. జాకెట్టు ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ "ఆ పాట నాదేనమ్మా" అని చెప్పేదాన్ని. కొలత ఇవ్వడానికి వచ్చి కథ విని వెళ్ళేవాళ్ళు పాపం. నేను బీపీ మాత్ర వేసుకోబోతే పిట్ట ఎదురుగా నిలబడి, "నాన్నమ్మా, వద్దంటే వద్దు!" అని వేలు చూపించేది. ఇల్లంతా నవ్వేవాళ్ళం. బుద్ధి ఉన్నవాళ్ళకు ఆ నవ్వులోనే తెలియాలి. మాకు తెలియలేదు.

పిట్టకు బెంచీ నేస్తం ఒకతె ఉండేది. గుండ్రటి ముఖం, మాట తక్కువ. విడి గుండీల కోసం నా డబ్బా చుట్టూ తిరిగేది కాబట్టి దాన్ని నేను గుండీ అని పిలిచేదాన్ని. తల్లి బేకరీలో రొట్టెలు కోసి పొట్లాలు కట్టే పని చేస్తుంది. తండ్రి లేడు. మా కోడల్ని గుండీ ఇంటి చీరలో చూస్తే ఆంటీ అనేది, యూనిఫాంలో చూస్తే పోలీసక్కా అనేది. ఒక మనిషే ఇద్దరన్నట్టు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పిట్ట వేళకు ముందే ఇంటికి వచ్చింది. నిలువునా తడిసింది. భుజాన రెండు సంచీలున్నాయి.

"గుండీ పడిపోయింది నాన్నమ్మా. లెక్కల క్లాసులో. కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. నోట్లోంచి నురగ వచ్చింది. టీచరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. దాని సంచీ ఎవరూ తీసుకోలేదు, నేను తెచ్చా."

పిట్ట ఏడవడం లేదు. వణుకుతోంది. తువ్వాలుతో తల తుడిచి, దుప్పటి కప్పి పడుకోబెట్టాను. మా వాడు కోడలికి చెప్పడానికి స్టేషన్‌కు వెళ్ళాడు. నేను గుండీ సంచీ విప్పి, తడిసిన పుస్తకాలు ఒక్కొక్కటే బల్ల మీద ఆరబెట్టాను. అడుగున పెన్సిలు డబ్బా ఉంది. అందులోనూ నీళ్ళు చేరాయేమోనని తెరిచాను.

లోపల ఒక పొట్లం. గీతల కాగితం మడతలో తెల్లటి చిన్న మాత్రలు, తొమ్మిది. కాగితం మీద గుండ్రటి అక్షరాలు. నాకు చదువు నడక లాంటిది, పరుగు కాదు. ఒక్కో అక్షరమే కూడబలుక్కున్నాను.

"పోలీసక్కకు ఇవ్వాలి. ఎవరిచ్చారో చెప్పను."

రెండోసారి చదివాను. అప్పుడు కూర్చున్నాను.

మా వాడు వచ్చేదాకా ఆగలేదు. పొట్లాన్ని డబ్బాలోనే పెట్టి, డబ్బాను కొంగులో చుట్టుకుని, గొడుగేసుకుని బయలుదేరాను. ఆస్పత్రి దారిలో పెద్ద మురికి కాలవ ఉంది. ఆ రోజు నిండా పారుతోంది. అబద్ధమెందుకు, దాని గట్టు మీద ఆగాను. ఈ సంగతి ఎవరికి తెలుసు? నాకూ ఈ డబ్బాకూ. పిల్ల లేచి చెప్పినా, తెలియనిదేదో వాగింది అనుకుంటారు. కోడలి ఉద్యోగం నిలుస్తుంది, నా పరువూ నిలుస్తుంది. అలా ఎంతసేపు నిలబడ్డానో. అటుగా పోతున్నాయన, "ఏం పెద్దమ్మా, దారి తప్పావా?" అన్నాడు.

"తప్పబోయాను నాయనా," అని నడిచాను.

పిల్లల వార్డులో గుండీ మత్తుగా పడుకుని ఉంది. తల్లి మంచం పట్టె మీద చెయ్యి వేసి నిలబడింది. మోచేతులకు ఇంకా పిండి ఉంది. డాక్టరు చీటీ రాస్తూ చెబుతున్నాడు. "నాలుగేళ్ళుగా ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదంటున్నారు. రోజూ మాత్ర వేస్తూనే ఉన్నారంటున్నారు. అయినా వచ్చిందంటే ఈ మాత్ర ఇక పనిచెయ్యడం లేదు. ఎక్కువ పవర్ ఉన్నది మొదలుపెడదాం."

"ఆగండి బాబూ, రాయకండి," అన్నాను.

డబ్బా తెరిచి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన కాగితం చదివాడు. మాత్రలు చూశాడు. రాసిన చీటీ చించేశాడు.

గుండీ తల్లి నన్నే చూస్తోంది. "రోజూ నా చేత్తో ఇచ్చాను పిన్నిగారూ. నా ముందే నీళ్ళు తాగేది."

"నీళ్ళే తాగిందమ్మా. మాత్ర గుప్పిట్లో పెట్టుకుంది. మందు ఎవరిచ్చినా వద్దనమని పాఠం చెప్పారు కదా బడిలో. ఆ మందు అన్న మాట నాది. మా కోడలిది కాదు, నాది."

ఎప్పుడొచ్చిందో, వెనకనుంచి కోడలి గొంతు వినిపించింది. "మాట మీదైనా, చెప్పిన నోరు నాది అత్తయ్యా."

గుండీ తల్లి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడాల్సిందే. ఆమె మాత్రం మంచం పక్కన చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"దానికి మూర్ఛ అని బడిలో తెలిస్తే వెక్కిరిస్తారని, రోజూ మాత్ర ఇస్తూ 'ఎవరికీ చెప్పకు' అనేదాన్ని. ఎవరికీ చెప్పొద్దని ఇస్తే అసలే వద్దు అన్నారుగా మీరు. అది పాఠం సరిగ్గానే విన్నది మేడం. నా బంగారు తల్లి సరిగ్గానే విన్నది."

ఇక ముగ్గురం తప్పు నాదంటే నాదని మొదలుపెట్టాం. నర్సు వచ్చి, "తప్పులు పంచుకునేది బయటమ్మా, ఇది వార్డు," అని కసిరింది. ఆ అలికిడికి గుండీ కళ్ళు తెరిచింది.

ముందు తల్లిని చూసింది. తర్వాత కోడలి యూనిఫాం చూసింది. అంత నీరసంలోనూ లేచి కూర్చుని, రెండు చేతులూ చాపి తల్లికి అడ్డం పెట్టింది.

"మా అమ్మ ఇవ్వలేదు. నేనే తీసుకున్నా. అమ్మని తీసుకెళ్ళొద్దు."

కోడలు టోపీ తీసింది. నడుముకున్న బెల్టూ తీసింది. రెండూ నాకిచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. పిల్ల మొహంలోకి తల ఎత్తి చూస్తూ మాట్లాడింది.

"నేనే తప్పు చెప్పానమ్మా. అన్ని మందులూ చెడ్డవి కావు. నీ మాత్ర మంచిది."

"మరి పోలీసులు తప్పు చెప్పరుగా?"

"చెప్పాను. చూడు, నేనే చెప్పాను."

గుండీ నా చేతిలో ఉన్న టోపీ వైపు చూసింది. "మాత్ర వేసుకుంటే అమ్మని తీసుకెళ్ళరా?"

"అమ్మని తీసుకెళ్తే నీకు మాత్ర ఎవరిస్తారు?"

ఆ లెక్క దానికి నచ్చినట్టుంది. చేతులు దించింది. డాక్టరు అదే మాత్ర మళ్ళీ మొదలుపెట్టమన్నాడు. నర్సు నీళ్ళు తెచ్చింది. పిల్ల తల్లి చేతిలోంచి మాత్ర అయితే తీసుకుంది కానీ, నోట్లో వేసుకునేముందు కోడలివైపు చూసింది. కోడలు తలూపాకే మింగింది.

ఆ సాయంత్రం మా వాడు మిషన్ ముందు ఊరికే కూర్చున్నాడు. "దగ్గుకూ మందే, నల్లులకూ మందే, తుపాకీలో కూరేదీ మందే, మేస్త్రీ సాయంత్రం తాగేదీ మందే. ఆ మాటే చెప్పబోయానమ్మా ఆ రోజు."

"మరి చెప్పొచ్చుగదరా!"

"నోట్లో గుండుసూదులున్నాయి."

వాడి మీద అరుద్దామనుకున్నాను. కోడలు అప్పుడే బూట్లు విప్పుతోంది. ఆ మాటకు నవ్వొచ్చింది దానికి. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. నేను వెళ్ళి దాని తల నా కడుపుకు ఆనించుకున్నాను. పదకొండేళ్ళు ఒకే వంటింట్లో తిరిగాం. దాని జుట్టు అంత మెత్తనిదని నాకు ఆ రోజే తెలిసింది.

మర్నాడు తన పై అధికారి దగ్గరకు వెళ్ళి జరిగింది చెప్పింది. ఆయన "ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు కదమ్మా, వదిలెయ్" అన్నాడట. "ఇచ్చారు సార్, నేనే రాశాను" అని కాగితం ముందు పెట్టిందట. తన మీద తనే, గడులన్నీ నింపి! ఆయన కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఆరు బళ్ళూ మళ్ళీ తిరగాలంటావు, అంతేగా? తిరుగు," అన్నాడట.

తిరిగింది. మాట నాది కాబట్టి నేనూ వెంట తిరిగాను. కాజాలు మా వాడే తిప్పలుపడి కుట్టుకున్నాడు. అవి చూస్తే ఎలుక కొరికినట్టుండేవి. ప్రతి బడిలోనూ కోడలు మొదట అనేది ఒకే మాట. "పోయినసారి నేను మీకు తప్పు చెప్పాను." పిల్లలు గుసగుసలాడటం కూడా మానేసి వినేవాళ్ళు. తర్వాత నేను నా బీపీ మాత్రలూ మోకాళ్ళ నొప్పి తైలమూ తీసి బల్ల మీద పెట్టేదాన్ని. "ఇదీ మందే, మత్తుమందూ మందే. ఇది డాక్టరు చీటీ రాస్తే ఇంట్లో పెద్దవాళ్ళు ఇచ్చేది. అది ఊరూపేరూ లేనివాడు ఇచ్చేది. తేడా తెలియకపోతే వద్దనకండి, పుచ్చుకోకండి, అడగండి. పదిసార్లు అడగండి. విసుక్కుంటే నా దగ్గరికి రండి, నాకు విసుగు రాదు."

"ముసలమ్మా, నువ్వూ పోలీసేనా?" అన్నాడొకడు.

"పోలీసుల అత్తని. ఇంకా పెద్ద ఉద్యోగం," అన్నాను.

మూడో బడిలో ఒక చిన్నది నా చీర లాగి, వాళ్ళ తాతయ్య గుండె మాత్రలు చెత్తబుట్టలో పారేశానని చెవిలో చెప్పింది. కోడలు ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళింది. తాతయ్య బాగానే ఉన్నాడు. కొత్తవి కొనుక్కుని, మనవరాలికి కనబడకుండా వేసుకుంటున్నాడట.

గుండీ సంగతి మాత్రం అంత తేలిగ్గా తెమలలేదు. ఇంటికి వచ్చాక తల్లి మాత్ర ఇస్తే పుచ్చుకోలేదు. బతిమాలినా, కోప్పడినా నోరు తెరవలేదు. "పోలీసక్క చూస్తుంటే వేసుకుంటా," అంది. ఆ పిల్లకు మా మాట మీద నమ్మకం పోయింది, మనిషి కళ్ళ మీద మాత్రం మిగిలింది. అంతకంటే ఏం అడుగుతాం?

వాళ్ళు బడికి వెళ్ళేది మా ఇంటి ముందునుంచే. రోజూ పొద్దున పిల్లను వెంటబెట్టుకుని, మాత్ర కాగితంలో చుట్టుకుని తల్లి వచ్చేది. కోడలు యూనిఫాం వేసుకుని, గ్లాసుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడేది. పిల్ల మింగి, నోరు పెద్దగా తెరిచి చూపించేది. కోడలు వంగి చూసి, "మింగింది" అని తల్లికి చెప్పేది. ఎంత వాన పడ్డా అదే వరస. ఒకరోజు కోడలికి జ్వరం వచ్చింది. కట్టుకున్న చీర మీదనే యూనిఫాం చొక్కా తొడుక్కుని గుమ్మంలోకి వచ్చింది. నేను వద్దంటే, "ఈ పనికి సెలవు లేదత్తయ్యా," అంది.

ఒక్కోసారి వీధిలో జనం ఆగి చూసేవాళ్ళు. మొదట్లో గుండీ తల్లి కొంగు అడ్డం పెట్టి మాత్ర ఇచ్చేది. పోనుపోను ఆ కొంగు దానంతటదే తొలగింది. పాలబ్బాయి అడిగితే, "మూర్ఛకు వేస్తున్నాం" అని మామూలుగా చెప్పడం నేను విన్నాను. పిట్ట అయితే మాత్ర అయ్యేదాకా నేస్తం సంచీ మోస్తూ పక్కనే ఉండేది.

వానలు వెనకపట్టు పట్టాయి. మబ్బు విడిచి ఎండ మొహం కనిపించిన ఒక పొద్దున, కోడలు ఎప్పటిలాగే గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. సందు మలుపులో గుండీ కనిపించింది. పక్కన తల్లి లేదు. ఒక్కతే పరిగెత్తుకుంటూ వస్తోంది. మా గుమ్మం దగ్గర ఆగుతుందని కోడలు గ్లాసు ముందుకు చాపింది.

పిల్ల ఆగలేదు. పరుగులోనే తల తిప్పి, "ఆంటీ! ఇంట్లోనే వేసేసుకున్నా! అమ్మ ఇచ్చింది!" అని అరిచి, పిట్ట చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

కోడలు యూనిఫాంలోనే ఉంది.

నోరు తెరిచి చూపించమని పిలవబోయి ఊరుకుంది. పిల్లలిద్దరూ మలుపు తిరిగేదాకా అలాగే నిలబడింది. తర్వాత ఆ గ్లాసెడు నీళ్ళూ తనే తాగి, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, టోపీ పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది.